ఇడవమని చెప్పేదాకా

మధ్యాహ్నం రెండూ పదికి పెద్దమ్మ ఆత్మకూరు బస్టాండులో ఉదయగిరి బస్సు దిగింది. చేతిలో గుడ్డసంచి, చంకలో కాగితంలో చుట్టిన కొత్త చీర. నేను స్కూటీ దగ్గర నిలబడి ఉన్నాను. నన్ను చూడగానే ఆమె అడిగిన మొదటి మాట, "మొదలైపోలేదు గదా?"

"ఇంకా టైముంది పెద్దమ్మా. సాయంత్రం కదా."

"కండక్టరుకు చెప్పినా, కాస్త బిరబిరా తోలించు నాయనా, ఈ పొద్దు నా గొంతు ఫారిన్ పోతుండాది అని. నవ్వినాడు. నవ్వితే నవ్వినాడులే, ఎవురో ఒకామె నా పక్కన కూచోని అంతా అడిగింది."

"ఏం చెప్పినావు?"

"నాకు తెలిసింది చెప్పినా. తెలీంది కూడా చెప్పినా."

పెద్దమ్మ అంటే మా అమ్మకు అక్క. ఉదయగిరి కొండ కింద ఒక పల్లెలో గొర్రెలు పెట్టుకొని బతికింది. నేను నెల్లూరులో ఒక కాన్సర్ ఆసుపత్రిలో రేడియేషన్ మీద పరిశోధన చేసే విద్యార్థిని. ఆ సాయంత్రం వేరే దేశంలో ఒక అంతర్జాతీయ సదస్సు జరుగుతోంది, అందులో నాకు ఎనిమిది నిమిషాలు ఇచ్చారు. వీసా ఇంటర్వ్యూ తేదీ సదస్సు ముగిసిన తర్వాత వచ్చింది. నిర్వాహకులకు రాస్తే, వీడియోలో మాట్లాడమన్నారు. నెల్లూరులోనే మాట్లాడవచ్చు, మా గైడు మేడమ్ తన గది ఇస్తానన్నారు. కానీ పెద్దమ్మ అంతదూరం రానంది. గొర్రెలను ఒక్క రాత్రికైతే పక్కింటివాళ్ళ మీద వదలగలదు, అంతే. ఆమె లేకుండా మాట్లాడటం నాకు ఇష్టం లేదు. అందుకని ఆత్మకూరులో మా మిద్దె మీది గదిలో ఏర్పాటు చేసుకున్నాను.

ఆమెకు ఇందులో భాగం ఎలా వచ్చిందో చెప్పాలి.

ఎడమ రొమ్ములో కాన్సర్ వచ్చినవాళ్ళకు ఆపరేషన్ తర్వాత రేడియేషన్ ఇస్తారు. మా వైపు దాన్ని కరెంటు పెట్టడం అంటారు. ఆ రొమ్ము వెనకే గుండె ఉంటుంది. ఛాతీ నిండా గాలి పీల్చి కాసేపు పట్టుకుంటే ఊపిరితిత్తులు ఉబ్బి, గుండె కిరణాల దారి నుంచి కాస్త పక్కకు జరుగుతుంది. ఆ కాసేపట్లో మిషను పని చేస్తుంది. ఊపిరి వదిలితే ఆగిపోతుంది. మళ్ళీ పీలిస్తే మళ్ళీ మొదలవుతుంది. పీల్చిన ప్రతిసారీ ఛాతీ ఒకే ఎత్తుకు రావాలి. చెప్పడానికి ఇంతే. చేయించడమే కష్టం.

మా దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామంది మర్రిపాడు, కలిగిరి, జలదంకి వైపు ఆడవాళ్ళు. మూటలు మోసినవాళ్ళు, మేకల వెంట గుట్టలెక్కినవాళ్ళు. ఊపిరికి తక్కువేమీ లేదు. కానీ పరాయివాళ్ళ ముందు రొమ్ము విరుచుకొని గాలి పీల్చడం అలవాటు లేదు. పీల్చమంటే భుజాలు దగ్గరికి ముడుచుకొని, పొట్ట లోపలికి లాక్కుంటారు. కొంగు లేకపోయినా చెయ్యి కొంగు కోసం పోతుంది. అందువల్ల చికిత్సకు ముందు కొన్నాళ్ళు ఇంట్లో సాధన చేయమని, ఫోనుకు ఒక రికార్డింగు పంపేవాళ్ళం. మొదటిది నేనే చదివాను. "దీర్ఘంగా శ్వాస తీసుకోండి. నిలిపి ఉంచండి. ఇప్పుడు నెమ్మదిగా వదలండి." మధ్యలో సెకన్లకు టిక్కు టిక్కుమని శబ్దం. మేడమ్‌కు నచ్చింది.

మర్రిపాడు వైపు నుంచి వచ్చిన ఒకామెను, విన్నావా అమ్మా అని అడిగాను.

"విన్నా," అంది. "బస్టాండులో చెప్తారే, అట్టుండాది. నాక్కాదేమో అనుకున్నా."

ఆ మాట విన్న రోజు ఇంటికి వస్తూ ముల్లు సంగతి గుర్తుకొచ్చింది. చిన్నప్పుడు సెలవులకు పెద్దమ్మ దగ్గరికి పోయేదాన్ని. ఆ గుట్టల్లో తుమ్మముల్లు గుచ్చుకోని రోజు ఉండదు. ముల్లు తీసేటప్పుడు ఆమె ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. పాదం ఒళ్ళో పెట్టుకొని, పిన్నీసు చేతికి తీసుకొని, "పీల్చు, పట్టుకో, నేనూ పట్టుకుంటుండా" అనేది. ఇద్దరం ఊపిరి బిగబట్టేవాళ్ళం. ముల్లు పైకి వచ్చాక "ఇడువు" అనేది. ఇద్దరం ఒకేసారి వదిలేవాళ్ళం. ముల్లు ఉన్నవాళ్ళు ముందు వదలకూడదు, తీసేవాళ్ళు చెప్పకుండా ఉండకూడదు. ఆమె భర్త ఉన్నప్పుడు ఆయనకూ అంతే, మా అమ్మకూ అంతే. పట్టుకొని ఉన్నంతసేపు నొప్పి గుర్తుండదు, ఎదుటి మనిషి మొహమే కనిపిస్తుంది. అది ఎవరు నేర్పారని అడిగితే, "నేర్పేదేందీ, అట్నే తీస్తారు" అంది.

ఊపిరి గురించి పుస్తకాల్లో చాలా చదివాను. వాటిలో ఏదీ ఆ ఆడవాళ్ళ చేత గాలి పీల్పించడానికి పనికి రాలేదు.

ఆదివారం ఉదయగిరి బస్సెక్కి పోయి, ఆమె వసారాలో కూర్చోబెట్టి ఫోను ముందు పెట్టాను. ఏం చెప్పాలో చెప్పాను. ఆమె గొంతు సవరించుకొని మొదలుపెట్టింది. "కుదురుగా పడుకోమ్మా. బుజాలు లేపబాక. ఎవురూ చూళ్ళేదులే. రొమ్ము నిండా పీల్చు… ఆఁ… పట్టుకో. నేనూ పట్టుకుంటుండా."

ఆ తర్వాత నిశ్శబ్దం. నేను వేలు ఎత్తి, ఇంకాసేపటికి 'ఇడువు' అనమని సైగ చేద్దామని చూస్తే, ఆమె బుగ్గలు బిగించి, కళ్ళు పెద్దవి చేసి కూర్చుని ఉంది. నిజంగానే ఊపిరి పట్టింది. ఇక పట్టలేనంతవరకు ఉండి, "ఇడువమ్మా" అని తనూ హుష్షుమని వదిలింది. ఆ హుష్షు కూడా రికార్డయింది. వెనక ఒక గొర్రె అరుపు కూడా.

"పెద్దమ్మా, నువ్వు పట్టుకోనక్కర్లేదు. ఊరికే చెప్పు చాలు."

"ఇంకోరిని బిగబట్టుకోమని చెప్పి నేను హాయిగా గాలి పీల్చుకుంటా కూచుంటే, అదేం మర్యాద?"

నాలుగైదుసార్లు తీశాం. ప్రతిసారీ పట్టుకుంది. ఒకసారి ఎక్కువసేపు, ఒకసారి తక్కువసేపు. టిక్కులు పెడదామంటే, ఆ చప్పుడు విని గొర్రెలు చెవులు రిక్కించాయి, దానికి ఆమె నవ్వింది, అదీ పాడైంది. చివరికి అన్నీ కలిపి అట్లాగే పంపాను.

మర్రిపాడు ఆమె రెండోసారి వచ్చినప్పుడు ఛాతీ మీద చిన్న పెట్టె పెట్టి, కెమెరా తిప్పి చూస్తే, తెరమీద ఛాతీ ఎత్తును చూపే గీత పైకి వచ్చి అక్కడే నిలబడింది. మళ్ళీ పీల్చింది, మళ్ళీ అక్కడికే వచ్చింది. "నేను ముందే ఇడిస్తే ఆమె ఏమనుకుంటుందో అని పట్టుకున్నా," అంది. ఆ తర్వాత ఎక్కువమందికి రెండు రికార్డింగులూ పంచి, ఎవరి గీత ఎంత నిలకడగా ఉందో కొలవడమే నా పరిశోధన అయింది. తేడా కనిపించింది.

మేడమ్‌కు మాత్రం ఒక అనుమానం ఉండేది. "పట్టుకునే సేపు ప్రతిసారీ మారుతుంటే దాన్ని పద్ధతి అని ఎలా అంటావు? రేపు ఇంకెవరైనా చేయాలంటే ఎలా చేస్తారు?" అనేవారు. కోపంతో కాదు, నిజంగానే అడిగేవారు. సదస్సులో పెద్దవాళ్ళు ఇదే అడుగుతారని, వాళ్ళు ఒప్పుకోకపోతే ఆసుపత్రిలో టిక్కుల రికార్డింగే ఉంచుదామని అన్నారు. నేను సరేనన్నాను. ఆ ఎనిమిది నిమిషాల మీద ఇదంతా ఆధారపడి ఉంది. ఈ సంగతి పెద్దమ్మకు చెప్పలేదు.

ఆ సాయంత్రం మా ఇల్లు పెళ్ళివారిల్లు లాగా ఉంది. అమ్మ మిద్దె గదిలో గోడకు ఉన్న కేలండరు తీసేసి, ఆ మేకు కనిపిస్తోందని మళ్ళీ తగిలించింది. నాయన ఇన్వర్టరు బాధ్యత తీసుకున్నాడు.

"లైన్‌మన్‌కి ఫోన్ చేసినా. చీకటి పడేదాకా తియ్యనని మాటిచ్చినాడు," అన్నాడు.

"ఆయన మాట ఎప్పుడు నిలబెట్టుకున్నాడు?" అంది అమ్మ.

"అందుకే ఇన్వర్టరుకు ఫ్యాను కలిపినా. లైటు కలిపినా. పాప ల్యాప్‌టాపు కలిపినా. పోయినా మనకేం కాదు."

పెద్దమ్మ కొత్త చీర కట్టుకొని వచ్చి, కెమెరాకు కనిపించకుండా గోడ వారగా చాప మీద కూర్చుంది. "నేను కనపడను గదా?" అంది.

"కనపడవు."

"మరి చీర ఎందుకు కట్టించినావు?"

"నేను కట్టుకోమన్లేదు పెద్దమ్మా."

"ఫారిన్ వాళ్ళు ఉన్నచోట పాతదాంతో ఎట్టా కూచోను?"

ఫ్యాను తిరుగుతోంది. తెరమీద పెద్ద హాలు, వరసలుగా కోట్లు వేసుకున్న మనుషులు. నా ముందు మాట్లాడినాయన ముగించాడు. అధ్యక్షుడు, తెల్ల గడ్డం పెద్దాయన, నా పేరు పలకడానికి రెండుసార్లు ప్రయత్నించి, నవ్వి, వదిలేశాడు. నేను మొదలుపెట్టాను. గుండె ఎక్కడుంటుందో బొమ్మ చూపించాను. మా ఆడవాళ్ళు భుజాలు ఎలా ముడుచుకుంటారో కూర్చుని చేసి చూపించాను. హాల్లో ఎవరో నవ్వారు. అది మంచి నవ్వే. నాకు ధైర్యం వచ్చింది.

తర్వాత పెద్దమ్మ రికార్డింగు నొక్కాను. నాకు వినిపిస్తోంది. హాల్లో ఎవరి మొహంలోనూ కదలిక లేదు.

"మాకేమీ వినపడటం లేదు," అన్నాడు అధ్యక్షుడు.

మళ్ళీ నొక్కాను. మళ్ళీ లేదు. స్క్రీన్ షేర్ చేసేటప్పుడు శబ్దాన్ని కూడా పంపమని ఒక గడిలో టిక్కు పెట్టాలి. ఆ సంగతి నాకు ఆ తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం టైము పోతున్నది ఒక్కటే తెలుస్తోంది. ఆ గొంతు వినకపోతే మిగిలినదంతా వట్టి గీతలే.

పక్కకు తిరిగాను. "పెద్దమ్మా, రా. నువ్వే చెప్పు."

"ఎవురికి?"

"వాళ్ళకే. తొందరగా."

ఆమె లేచి, కొంగు సర్దుకొని, నా కుర్చీ పక్కకు వచ్చి తెరలోకి వంగి చూసింది. "అమ్మో! ఇంతమందికా? అందరికీ ఆ జబ్బేనా?"

"కాదు, వాళ్ళు డాక్టర్లు."

"డాక్టర్లకు నేను చెప్పేదేంది పాపా?"

అమ్మ గుమ్మం దగ్గర నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నేను హాలుకు ఇంగ్లీషులో చెప్పాను, రికార్డింగులో గొంతు ఈమెదే, ఈమె ఏం చేస్తే మీరూ అదే చేయండి, భాష అక్కర్లేదు అని. పెద్దమ్మ నన్నొకసారి చూసి, తెరవైపు తిరిగింది. గొంతు మారిపోయింది. గుట్ట మీద మందను పిలిచే గొంతు కాదు, ముల్లు తీసేటప్పటి గొంతు.

"కుదురుగా ఉండండి నాయనా. బుజాలు లేపబాకండి. ఆ ఎనకాలాయన, నువ్వే, దించు. ఆఁ. రొమ్ము నిండా పీల్చండి…" చేతిని మెల్లగా పైకెత్తింది. "పట్టుకోండి. నేనూ పట్టుకుంటుండా."

చెయ్యి గాలిలో ఆపింది. ఆ తెరమీద నేను చూసింది మరిచిపోలేను. అంతమంది చదువుకున్న మనుషులు, పెద్ద పెద్ద ఆసుపత్రులు నడిపేవాళ్ళు, ఛాతీలు ఉబ్బించి, బుగ్గలు బిగించి, ఆమె చెయ్యివైపు చూస్తున్నారు. అధ్యక్షుడు కూడా. ముందువరసలో ఒకామె కళ్ళు మూసుకుంది. నేనూ పట్టుకున్నాను. గుమ్మంలో అమ్మ పట్టుకుంది.

కరెంటు పోయింది.

ఫ్యాను తిరుగుతూనే ఉంది. లైటు వెలుగుతూనే ఉంది. ల్యాప్‌టాపు పని చేస్తోంది. తెరమీద హాలు మాత్రం అట్లాగే బిగుసుకుపోయింది. నాయన ఇన్వర్టరుకు అన్నీ కలిపి, కింద గదిలో ఉన్న ఇంటర్నెట్టు డబ్బాను కలపలేదు.

పెద్దమ్మకు అది తెలియలేదు. వాళ్ళంతా కదలకుండా ఉన్నారు, బాగానే పట్టుకున్నారనుకుంది. ఆమె కూడా పట్టుకునే ఉంది. నేను "పెద్దమ్మా, నెట్టు పోయింది" అన్నాను. ఆమె మాట్లాడకూడదు కాబట్టి కళ్ళతో ఏందని అడిగింది. మెల్లగా అర్థమైంది. "ఇడవండి!" అని తెరమీదికి గట్టిగా అరిచి, హుష్షుమని వదిలింది.

"ఇనపడిందా వాళ్ళకు?"

"లేదు."

"అయ్యయ్యో! పట్టుకోమన్నా గానీ ఇడవమని చెప్పలేదే! ఏమబ్బయా, ఏదో ఒకటి చెయ్యి, వాళ్ళు అట్నే ఉండారు!"

నాయన అప్పటికే మెట్లు దిగి, సగంలో మనసు మార్చుకొని, మళ్ళీ పైకి పరుగెత్తుతున్నాడు. "నా ఫోన్లో డేటా ఉండాది! నా ఫోన్లో!" అని అరుస్తూ వచ్చాడు. దానికి కలుపుతుంటే నా వేళ్ళు తప్పులు నొక్కాయి. పెద్దమ్మ నా భుజం మీద చెయ్యేసి, "నిదానం, నిదానం" అంటూనే, "తొందరగా చెయ్యి పాపా" అని కూడా అంటోంది.

హాలు మళ్ళీ కనిపించింది. అంతా నవ్వుతున్నారు. కొందరు నిలబడి ఉన్నారు. అధ్యక్షుడు మైకు దగ్గరికి వంగి చెప్పింది నేను పెద్దమ్మకు తెలుగులో చెప్పాను. "నువ్వు విడవమని చెప్పకముందే విడిచేశారంట. మన్నించమంటున్నారు."

ఆమె ఊపిరి తీసుకొని, "పర్వాలేదులే," అంది. "ఈసారి మాత్రం చెప్పేదాకా ఉండమను."

అది ఇంగ్లీషులో చెప్పగానే హాలు మళ్ళీ నవ్వింది. అధ్యక్షుడు నాకు ఇంకో రెండు నిమిషాలు ఇచ్చాడు. గీతలు చూపించాను. నాకు గుర్తున్నంతలో అంత వేగంగా, అంత తప్పుల్లేకుండా ఎప్పుడూ మాట్లాడలేదు.

మొదటి ప్రశ్న, ఇందాక కళ్ళు మూసుకున్న ఆమెది. నేను భయపడిన ప్రశ్నే. "పట్టుకునే సేపు ప్రతిసారీ వేరుగా ఉంది. దాన్ని ఎలా సమర్థిస్తారు?"

చెప్పాను. మిషను ఎంతసేపన్నది చూసుకోదు, ఛాతీ ఎత్తు చూసుకుంటుంది, దిగితే తనే ఆగుతుంది. కాబట్టి మాకు కావలసింది ప్రతిసారీ అదే ఎత్తుకు రావడం, ముందే భయపడి వదలకపోవడం. తనతోపాటు ఇంకో మనిషి పట్టుకొని ఉందని తెలిస్తే మా ఆడవాళ్ళు వదలడం లేదు. అంతకంటే నాకు తెలియదు, ఎందుకో ఇంకా కొలవలేదు అన్నాను.

ఆమె, "ఇందాక బొమ్మ ఆగిపోయాక కూడా నేను వదల్లేదు, ఎందుకో నాకూ తెలియదు," అని కూర్చుంది. ఇంకొకాయన లేచి, మా ఆసుపత్రికి ఇలాంటి పెద్దమ్మను ఎక్కడ వెతకాలని అడిగాడు. ఆ మాట చెప్తే పెద్దమ్మ, "వాళ్ళ దేశంలో ముళ్ళుండవా?" అంది. దాన్ని ఇంగ్లీషులోకి మార్చడం నాకు చేతకాలేదు.

తెర మూసిన వెంటనే మేడమ్ నెల్లూరు నుంచి ఫోను చేశారు. మొత్తం చూశారట. తనూ ఊపిరి పట్టారట. "ఆ రికార్డింగే ఉండనీ," అన్నారు. "టిక్కులది దాచిపెట్టు, అవసరమైతే చూద్దాం." నేను గదిలో రెండు చుట్లు గంతులేశాను. అమ్మ సేమ్యా పాయసం చేసింది. నాయన డబ్బాకు వైరు లాగుతూ, ఎవరూ ఏమీ అనకపోయినా, "ఫ్యాను లేకపోతే పాపకు చెమట పట్టేది గదా" అని తనలో తానే సమాధానం చెప్పుకుంటున్నాడు. పెద్దమ్మ పాయసం తింటూ ఆ కథను మొదటినుంచి మళ్ళీ చెప్పింది, అక్కడే ఉన్న మాకే. చివరికి, "ఆ గడ్డమాయన మంచోడు, బుజాలు అస్సలు లేపలేదు" అని మెచ్చుకుంది.

తెల్లవారి మొదటి బస్సుకు ఎక్కించాను. కిటికీ దగ్గర కూర్చొని, బస్సు కదలకముందే పక్కామెకు చెప్పడం మొదలుపెట్టింది.

ఆ తర్వాతి ఎండాకాలంలో, మందను తోలుకొచ్చి, వసారాలో చెంబు పక్కన పెట్టుకొని కూర్చున్న పెద్దమ్మ అట్లాగే ఒరిగిపోయింది. గుండె అన్నారు. మేం పోయేసరికి గొర్రెలు ఇంకా దొడ్లో కట్టకుండానే ఉన్నాయి.

రికార్డింగు ఇప్పటికీ పంపుతున్నాం. కలిగిరి నుంచి, జలదంకి నుంచి వచ్చే వాళ్ళ ఫోన్లకు పోతూనే ఉంది. నేను వినను, ఫైలు పేరు చూసి పంపుతాను. చికిత్స అయిపోయిన మర్రిపాడు ఆమె పరీక్షకు వచ్చి, "ఆమె బాగుండాదా?" అని అడిగింది. లేదని చెప్పాను. "నేనొక్కసారి కూడా ముందు ఇడవలేదని చెప్దామనుకున్నా," అంది.

పోయిన నెల అమ్మా నేనూ పెద్దమ్మ ఇల్లు చూసి రావడానికి ఉదయగిరి పోయాం. వసారా ఊడుస్తుంటే అమ్మ కాల్లో ముల్లు దిగింది. నేను దగ్గరికి పోయేలోపే ఆమె గడప మీద కూర్చొని, గాజులకున్న పిన్నీసు తీసి, పక్కింటివాళ్ళతో మాట్లాడుతూనే తీసేసుకుంది. మా ఇళ్ళలో ఇప్పుడు ఎవరి ముల్లు వాళ్ళే తీసుకుంటాం. తీసేటప్పుడు ఎవరూ ఊపిరి పట్టరు.